మేడ్చల్–శామీర్‌పేట: సినిమా పైరసీ, థియేటర్ల క్షీణత, పౌర బాధ్యత

హక్కుదారు అనుమతి లేకుండా సినిమాను రికార్డు చేయడం, నకళ్లు తీయడం, వాటిని అమ్మడం లేదా అద్దెకివ్వడం, కేబుల్‌లోనో బస్సులోనో ప్రదర్శించడం, ఇంటర్నెట్‌లో ఉంచడం అనే పనులన్నిటినీ కలిపి సినిమా పైరసీ అంటారు. హైదరాబాద్‌కు ఉత్తరాన, నగరమూ పల్లే కలిసే మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాన్ని నేపథ్యంగా తీసుకొని పైరసీ చరిత్రను, అది సాగే తీరును, దానిపై ఉన్న చట్టాలను, స్థానిక థియేటర్ల క్షీణతతో దానికి గల సంబంధాన్ని, ఈ విషయంలో పౌరులపై ఉన్న బాధ్యతను ఈ వ్యాసం వివరిస్తుంది.

నిర్వచనం, పరిధి

భారత కాపీరైట్ చట్టం, 1957 సినిమాను కథకూ పాటకూ భిన్నమైన ప్రత్యేక కృతిగా గుర్తించి, నిర్మాతను దాని కర్తగా పరిగణిస్తుంది. ప్రతులు తీయడం, వాటిని అమ్మడం లేదా వ్యాపారార్థం అద్దెకివ్వడం, ప్రజలకు చేరవేయడం అనే మూడు పనులకు అనుమతి ఇచ్చే అధికారం ఆ హక్కుదారుకే ఉంటుంది. సినిమాపై ఈ హక్కు విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ల పాటు అమల్లో ఉండి, ఆ తరువాత తీరిపోతుంది.

ఈ గడువు వల్ల పాత సినిమాల విషయంలో కొంత చిక్కు ఉంది. 1957లో విడుదలైన మాయాబజార్ సినిమాపై హక్కు ఈ లెక్కన 2017 చివరితో ముగుస్తుంది. అయితే అందులోని పాటల సాహిత్యానికీ సంగీతానికీ గడువును కర్త మరణం నుంచి లెక్కిస్తారు గనుకా, 2010లో విడుదలైన రంగుల ప్రతి వేరే శ్రమతో తయారైంది గనుకా, పాత సినిమా కదా అని ఏ ప్రతినైనా స్వేచ్ఛగా పంచుకోవచ్చు అనుకోవడానికి వీలు లేదు. మరోవైపు విమర్శ కోసం, సమీక్ష కోసం, వార్తల కోసం, స్వంత అధ్యయనం కోసం సినిమాలోని భాగాలను సముచితంగా వాడుకోవడాన్ని అదే చట్టంలోని 52వ సెక్షన్ అనుమతిస్తుంది కాబట్టి, అనుమతి లేని ప్రతి వాడకమూ పైరసీ కాదు.

ప్రాంతం, ప్రేక్షకులు

మేడ్చల్ పట్టణం నాగపూర్ వైపు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారిపై, శామీర్‌పేట కరీంనగర్ వైపు వెళ్లే రాజీవ్ రహదారిపై ఉన్నాయి. బాహ్య వలయ రహదారి (ఔటర్ రింగ్ రోడ్డు) ఈ రెండు దారులనూ కలుపుతుంది. 2016 అక్టోబరు 11న పూర్వపు రంగారెడ్డి జిల్లా నుంచి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. దాని సమీకృత కలెక్టరేట్ 2022 ఆగస్టులో శామీర్‌పేట మండలంలోనే ప్రారంభమైంది. ఔషధ, జీవశాస్త్ర పరిశ్రమల జీనోమ్ వ్యాలీ, మేడ్చల్ చుట్టూ విస్తరించిన పారిశ్రామిక వాడలు, కొంపల్లి, అల్వాల్ వైపు పెరిగిన కొత్త కాలనీల వల్ల ఇక్కడి జనాభాలో తరతరాలుగా ఉన్న రైతు కుటుంబాలతో పాటు కోస్తా జిల్లాల నుంచి వచ్చిన ఉద్యోగులు, బీహార్, ఒడిశా వంటి రాష్ట్రాల నుంచి వచ్చిన కార్మికులు కూడా ఉన్నారు.

బౌద్ధిక ఆస్తి చట్టాలను బోధించే దేశంలోని పేరున్న విద్యాసంస్థల్లో ఒకటైన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం కూడా శామీర్‌పేటలోనే ఉంది. 1998లో ఏర్పడిన ఈ సంస్థ పేటెంట్ చట్టం, సైబర్ చట్టం, మీడియా చట్టం వంటి అంశాల్లో దూరవిద్య డిప్లొమాలను కూడా నడుపుతుంది.

సినిమా విషయంలో ఈ ప్రాంతం పూర్తిగా నగరమూ కాదు, పూర్తిగా పల్లే కాదు. మేడ్చల్‌లో ఏషియన్ ముకుంద వంటి హాలు, కొంపల్లిలో సినీప్లానెట్ మల్టీప్లెక్స్ ఉండగా, పెద్ద హీరో సినిమా మొదటి రోజు హైదరాబాద్ నగరంలోని ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో చూడాలనే అలవాటు పాత తరంలో ఇప్పటికీ ఉంది. 2023 ఏప్రిల్‌లో ఎంఎంటీఎస్ రైళ్లు మేడ్చల్ దాకా రావడంతో నగరానికి ప్రయాణం కొంత తేలికైంది గాని, రాత్రి సెకండ్ షో ముగిశాక శామీర్‌పేట దాటిన ఊళ్లకు తిరిగి వెళ్లడం సొంత వాహనం లేని ప్రేక్షకుడికి ఇప్పటికీ కష్టమే. పైరసీ ప్రతికి గిరాకీ ఎక్కడి నుంచి వస్తుందో అర్థం చేసుకోవడానికి ఈ భౌగోళిక వాస్తవం ముఖ్యం.

చరిత్ర

ఫిల్ము రీళ్ల కాలంలో ఒక సినిమాకు పరిమితంగానే ప్రింట్లు తీసేవారు. వాటిని ముందు నగరాల్లోని 'ఎ' సెంటర్లలో, తరువాత పట్టణాల్లోని 'బి' సెంటర్లలో, ఆ పైన మండల కేంద్రాలూ పెద్ద గ్రామాలూ ఉన్న 'సి' సెంటర్లలో ఆడించేవారు. సినిమా వ్యాపార పరిభాషలో నైజాం ఏరియా అని పిలిచే తెలంగాణలోనూ ఇదే పద్ధతి ఉండేది. నగరంలో వంద రోజుల పోస్టరు పడ్డాక గాని ఊరి టాకీసుకు ఆ సినిమా రాని సందర్భాలు సాధారణంగా ఉండేవి. తొలినాటి పైరసీ ప్రధానంగా ఈ వ్యవధిలోనే చోటు సంపాదించుకుంది.

1982 ఢిల్లీ ఆసియా క్రీడల కాలంలో రంగుల టెలివిజన్, ఆ వెంటనే వీడియో క్యాసెట్ యంత్రాలు వ్యాపించాయి. ఒక గదిలో టీవీ, వీసీఆర్ పెట్టి టికెట్టుపై సినిమాలు చూపే వీడియో పార్లర్లు, పెళ్లిళ్లకూ పండుగలకూ యంత్రాన్ని క్యాసెట్లతో సహా రాత్రికి అద్దెకిచ్చే దుకాణాలు పట్టణాల్లో వెలిశాయి. ఈ పరిణామాన్ని ఎదుర్కోవడానికి 1984లో కాపీరైట్ చట్టాన్ని సవరించి శిక్షలను పెంచారు. వీడియో క్యాసెట్లపై హక్కుదారు వివరాలు, సెన్సారు ధ్రువపత్రం నకలు ముద్రించడాన్ని తప్పనిసరి చేశారు.

1990లలో కేబుల్ టీవీ వచ్చాక పైరసీ దుకాణం నుంచి నేరుగా ఇంట్లోకి ప్రవేశించింది. స్థానిక ఆపరేటరు తన సొంత చానెల్‌లో రాత్రి పూట కొత్త సినిమా వేయడం చందాదారులను నిలుపుకొనే మార్గంగా మారింది. 1995లో వచ్చిన కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్‌ల నియంత్రణ చట్టం ఆపరేటర్లకు రిజిస్ట్రేషన్‌ను, ప్రసార నియమాలను విధించింది. ఆ దశాబ్దం చివరికి వీసీడీలు, తరువాత డీవీడీలు రావడంతో నకలు తీయడం చవకైంది. కోఠి ఫుట్‌పాత్‌ల మీదా, ఊళ్లలో సీడీ షాపుల్లోనూ కొత్త సినిమా డిస్కులు బాహాటంగా దొరికిన కాలమిది.

2000 దశకం మధ్య నుంచి క్యూబ్, యూఎఫ్ఓ వంటి డిజిటల్ ప్రదర్శన వ్యవస్థలు వచ్చి రీళ్లను తొలగించడంతో మేడ్చల్ హాలుకూ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ హాలుకూ సినిమా ఒకే రోజున అందసాగింది. 'సి' సెంటర్ పైరసీకి కారణమైన పాత వ్యవధి దీనితో మాయమైంది. అయినా పైరసీ తగ్గలేదు. థియేటర్‌కూ ఇంటి తెరకూ మధ్య ఉన్న వ్యవధి దాని కొత్త చోటు అయింది. 2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలై మొబైల్ డేటా ధర పడిపోయాక, కోవిడ్ కాలంలో 2020 మార్చి నుంచి నెలల తరబడి థియేటర్లు మూతపడి ఓటీటీ వేదికలు ఇంటింటికీ చేరాక, డిస్కు వ్యాపారం దాదాపు అంతరించి వెబ్‌సైట్లు, టెలిగ్రామ్ చానెళ్లు ఆ స్థానాన్ని ఆక్రమించాయి.

పైరసీ ప్రతుల రకాలు, అవి తయారయ్యే తీరు

పైరసీ ప్రతులను అవి బయటికి వచ్చే చోటును బట్టి మూడు రకాలుగా చూడవచ్చు.

మొదటిది థియేటర్ ప్రింట్. హాలులో తెరను ఫోనుతోనో కెమెరాతోనో చిత్రించగా వచ్చేది ఇది. 2025లో హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు వెల్లడించిన ఒక కేసు వివరాల ప్రకారం నిందితుడు ఫోనును చొక్కా జేబులో కెమెరా కన్ను మాత్రం బయటికి ఉండేలా అమర్చుకొని, రికార్డింగ్ జరుగుతున్నా తెర వెలగకుండా ఉంచే యాప్‌ను వాడి, పదుల సంఖ్యలో సినిమాలను ఇలా తీశాడు. ప్రతిఫలం క్రిప్టో కరెన్సీ రూపంలో అందింది. ఇలాంటి ప్రతిలో బొమ్మ వంకరగా, ధ్వని హాలు ప్రతిధ్వనితో, మధ్యమధ్య ప్రేక్షకుల ఈలలతో ఉంటుంది. అయినా విడుదలైన రోజునే దొరుకుతుంది కాబట్టి థియేటర్ ఆదాయంపై దీని దెబ్బే ఎక్కువ.

రెండోది విడుదలకు ముందే జరిగే లీకు. ఎడిటింగ్, డబ్బింగ్, గ్రాఫిక్స్, సెన్సారు వంటి దశల్లో సినిమా అనేక చేతులు మారుతుంది గనుక, ఏదో ఒక దశలో ప్రతి బయటికి పొక్కే అవకాశం ఉంటుంది. మూడోది ఓటీటీ వేదిక నుంచో డిజిటల్ ప్రదర్శన సర్వర్ నుంచో రక్షణ వ్యవస్థను ఛేదించి తీసే నాణ్యమైన ప్రతి. ఇది అసలు ప్రతికి ఏమాత్రం తీసిపోదు. ఓటీటీ చందా ఆదాయంపై పడే దెబ్బ ప్రధానంగా దీనిదే.

థియేటర్లకు వెళ్లే డిజిటల్ ప్రతికి తాళం వేసి ఉంటుంది. నిర్ణీత హాలులోని నిర్ణీత యంత్రంపై, నిర్ణీత తేదీల్లో మాత్రమే తెరుచుకొనే డిజిటల్ తాళంచెవిని ఆ హాలుకు విడిగా పంపుతారు. దీనితో పాటు ప్రదర్శన సాగుతున్నప్పుడు కంటికి కనబడని గుర్తులు బొమ్మలోనూ ధ్వనిలోనూ చేరుతూ ఉంటాయి. ఫోరెన్సిక్ వాటర్‌మార్క్ అనే ఈ గుర్తును ఇంటర్నెట్‌లో దొరికిన నకలు నుంచి తిరిగి చదివి, ఆ నకలు ఏ ఊరి ఏ హాలులో, ఏ రోజు ఏ ఆట సమయంలో తీసిందో నిర్ధారిస్తారు. గుర్తు హాలును పట్టిస్తుంది గాని హాలులోని మనిషిని పట్టించదు. అక్కడి నుంచి టికెట్ల రికార్డు, సీసీ కెమెరాలు, సిబ్బంది వాంగ్మూలాల మీద ఆధారపడాల్సి ఉంటుంది.

పైరసీ వెబ్‌సైట్లు ప్రేక్షకుడి నుంచి డబ్బు తీసుకోవు. ప్రకటనల మీద, ముఖ్యంగా ఆన్‌లైన్ బెట్టింగ్, జూదం యాప్‌ల ప్రకటనల మీద వాటి ఆదాయం ఆధారపడి ఉంటుంది. సర్వర్లు విదేశాల్లో ఉంటాయి. ఒక చిరునామాను మూయిస్తే ఒక అక్షరం మార్చి మరొకటి తెరుస్తారు. ఉచితంగా కనిపించే సినిమాకు ప్రేక్షకుడు తన ఫోను సమాచారం రూపంలో, హానికర సాఫ్ట్‌వేర్ ప్రమాదం రూపంలో ధర చెల్లిస్తాడు.

తెలుగు సినిమాలో ప్రధాన ఉదంతాలు

2013 సెప్టెంబరులో అత్తారింటికి దారేది సినిమా తొలి సగం, దాదాపు గంటన్నర నిడివి, విడుదలకు ముందే బయటికి వచ్చింది. కృష్ణా జిల్లా పెడనలోని ఒక దుకాణంలో దాని డిస్కులు అమ్ముడవుతున్నట్టు తెలియడంతో మొదలైన దర్యాప్తు, నిర్మాణ బృందానికి చెందిన వ్యక్తి దగ్గర నుంచి ప్రతి చేతులు మారిన తీరును వెలికితీసింది. అక్టోబరులో రావలసిన సినిమాను నిర్మాతలు హడావుడిగా సెప్టెంబరు 27న విడుదల చేశారు. సినిమా ఘన విజయం సాధించింది. పైరసీ వల్ల నష్టమే లేదనే వాదనకు కొందరు దీన్ని ఉదాహరణగా చూపుతారు. అంతటి తారాబలం, ప్రేక్షకుల్లో వెల్లువెత్తిన సానుభూతి లేని చిన్న సినిమాకు ఇదే జరిగితే తేరుకోవడం కష్టమని పరిశ్రమ వర్గాలు సమాధానమిస్తాయి. 2018 నవంబరులో విడుదలైన టాక్సీవాలా కూడా ముందే లీకైనా నిలబడింది. అయితే నిలబడని సినిమాలు ఇలాంటి జాబితాల్లోకి రావు కాబట్టి, ఈ రెండు ఉదాహరణలతో ఒక నిర్ధారణకు రావడం సరికాదు.

2017 మేలో బాహుబలి 2 నాణ్యమైన ప్రతిని చేతబట్టుకొని నిర్మాణ సంస్థను డబ్బు కోసం బెదిరించిన ముఠాను హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. ప్రతిలోని గుర్తుల ఆధారంగా దాని మూలం బీహార్‌లోని బెగుసరాయ్‌లో ఉన్న ఒక థియేటర్ అని తేలింది.

2025 జనవరిలో గేమ్ ఛేంజర్ విడుదలైన కొద్ది రోజులకే విశాఖపట్నం గాజువాకలో ఒక స్థానిక కేబుల్ చానెల్ దాన్ని ప్రసారం చేయగా నిర్వాహకులపై కేసు నమోదైంది. ఫిబ్రవరిలో తండేల్ పైరసీ ప్రతిని ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ బస్సులో ప్రదర్శించడం వివాదమై, సంస్థ విచారణకు ఆదేశించింది. ప్రభుత్వ రవాణా సంస్థ బస్సులో, ప్రయాణికుల సౌకర్యం పేరుతో పైరసీ ప్రతి ఆడడం, ఈ నేరం సమాజంలో ఎంత మామూలు విషయంగా మారిందో చూపే సంఘటన.

2025 సెప్టెంబరు చివర్లో హైదరాబాద్ పోలీసులు వేర్వేరు రాష్ట్రాల్లో అరెస్టులు జరిపి, థియేటర్‌లో రికార్డు చేసేవారినీ, డిజిటల్ సర్వర్లలోకి చొరబడేవారినీ, వెబ్‌సైట్లు నడిపేవారినీ కలిపే గొలుసును వివరించారు. పైరసీ వల్ల తెలుగు పరిశ్రమకు కలిగిన నష్టం రూ. 3,700 కోట్లని ఆ సందర్భంగా పేర్కొన్నారు. నవంబరు మధ్యలో ఐబొమ్మ అనే ప్రసిద్ధ పైరసీ వెబ్‌సైట్ నిర్వాహకుడిగా భావిస్తున్న వ్యక్తిని కూకట్‌పల్లిలో, అంటే మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోనే, అరెస్టు చేశారు. సుమారు రూ. 3 కోట్లు స్తంభింపజేశామని, లక్షలాది మంది వినియోగదారుల సమాచారం అతని వద్ద ఉందని, బెట్టింగ్ యాప్‌ల ద్వారా ఆదాయం వచ్చిందని పోలీసులు తెలిపారు. ఇవి న్యాయస్థానంలో రుజువు కావలసిన ఆరోపణలు.

చట్టాలు, అమలు

కాపీరైట్ చట్టంలోని 63వ సెక్షన్ ప్రకారం ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, రూ. 50,000 నుంచి రూ. 2 లక్షల జరిమానా విధించవచ్చు. ఈ నేరం వారంటు లేకుండా అరెస్టు చేయదగినదని, బెయిలు హక్కుగా లభించనిదని 2022 మేలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2012 సవరణ డిజిటల్ తాళాలను ఛేదించడాన్ని విడిగా నేరంగా పేర్కొంది.

సినిమాటోగ్రాఫ్ చట్టం, 1952కు 2023లో వచ్చిన సవరణ నేరుగా పైరసీకి ఉద్దేశించినది. ప్రదర్శనకు లైసెన్సు ఉన్న చోట సినిమాను అనుమతి లేకుండా రికార్డు చేయడాన్ని, అలా తీసిన ప్రతిని ప్రదర్శించడాన్ని ఇది నిషేధిస్తుంది. కనీసం మూడు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, కనీసం రూ. 3 లక్షల నుంచి ఆడిట్ అయిన నిర్మాణ వ్యయంలో 5 శాతం వరకు జరిమానా దీని కింద పడతాయి. వంద కోట్ల సినిమా అయితే జరిమానా గరిష్ఠంగా రూ. 5 కోట్లకు చేరుతుంది.

కోర్టులు మరొక పద్ధతిని అభివృద్ధి చేశాయి. పేరు తెలియని నిందితులపై ముందస్తుగా ఇచ్చే 'అశోక్ కుమార్' ఉత్తర్వులు 2010 దశకం మొదట్లో సినిమాల విషయంలో వాడుకలోకి వచ్చాయి. 2019 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు, పేరు మార్చి మళ్లీ పుట్టే వెబ్‌సైట్లకు కూడా మొదటి ఉత్తర్వునే వర్తింపజేసే 'డైనమిక్' నిషేధాన్ని ప్రవేశపెట్టింది. 2023లో ఇంకా నిర్మాణంలో ఉన్న సినిమాలకు సైతం వర్తించేలా దాన్ని విస్తరించింది.

తెలంగాణలో 2016 జూన్‌లో దేశంలోనే మొదటిసారిగా బౌద్ధిక ఆస్తి నేరాల కోసం ప్రత్యేక విభాగాన్ని ప్రారంభించారు. లండన్ నగర పోలీసులు 2013లో ఏర్పరచిన ఇలాంటి విభాగమే దీనికి నమూనా. తెలుగు ఫిల్మ్ ఛాంబర్‌కు చెందిన యాంటీ పైరసీ విభాగం ఇంటర్నెట్‌లో నకళ్లను గుర్తించి పోలీసులకు ఫిర్యాదులు అందిస్తుంది.

చూసేవారి మాటేమిటనే ప్రశ్నకు చట్టం ఇచ్చే సమాధానం కొంత సూక్ష్మమైనది. పైరసీ ప్రతిని కేవలం చూడడమే నేరమని సూచించే హెచ్చరిక సందేశాన్ని 2016లో బొంబాయి హైకోర్టు సరిచేస్తూ, అనుమతి లేకుండా పంపిణీ చేయడం, బహిరంగంగా ప్రదర్శించడం, అమ్మకానికో అద్దెకో ఇవ్వడం వంటివే నేరమని పేర్కొంది. అయితే డౌన్‌లోడ్ చేసి వాట్సాప్ గ్రూపులో పంచిన క్షణంలో చూసేవాడు పంపిణీదారుగా మారతాడు. గేటెడ్ కాలనీ హాలులోనో, గణేశ్ మండపం దగ్గరో, హాస్టల్ తెరపైనో వేసే సినిమా కూడా బహిరంగ ప్రదర్శన కిందికి వచ్చే అవకాశం ఉంది.

థియేటర్ల క్షీణత: కారణాలు

కన్సల్టెన్సీ సంస్థ ఈవై, ఇంటర్నెట్ సంస్థల సంఘంతో కలిసి 2024 అక్టోబరులో వెలువరించిన నివేదిక 2023లో భారతదేశపు పైరసీ ఆర్థిక వ్యవస్థను రూ. 22,400 కోట్లుగా అంచనా వేసింది. అందులో రూ. 13,700 కోట్లు థియేటర్లలో తీసిన ప్రతులకు, రూ. 8,700 కోట్లు ఓటీటీ ప్రతులకు సంబంధించినవని, మీడియా వినియోగదారుల్లో 51 శాతం మంది పైరసీ ప్రతులను వాడుతున్నారని తెలిపింది. పైరసీ ప్రతి చూసిన ప్రతి ఒక్కరూ అది లేకపోతే టికెట్టు కొనేవారు అని చెప్పలేము గనుక, ఇలాంటి అంకెలను కచ్చితమైన నష్టంగా కాక సమస్య పరిమాణాన్ని సూచించే అంచనాగా తీసుకోవాలి.

థియేటర్ యజమానిని వ్యాపారంలో ఎగ్జిబిటర్ అంటారు. ఒకే తెర ఉన్న హాలు చాలాచోట్ల వారానికి ఇంత అని డిస్ట్రిబ్యూటర్ చెల్లించే అద్దె పద్ధతిపై నడుస్తుంది. మల్టీప్లెక్సులు వసూళ్లలో వాటా తీసుకునే పర్సెంటేజీ పద్ధతిని అనుసరిస్తాయి. సినిమా మొదటి మూడు రోజుల్లో నిండినా, తరువాత జనం పడిపోతే హాలుకు వచ్చే ఆదాయం ఆట నడిపే ఖర్చుకు చాలదు. కరెంటు స్థిర చార్జీలు, ఏసీ, ప్రొజెక్టర్ కిరాయి, జీతాలు హాలు నిండినా నిండకపోయినా ఒకటే. విడుదలైన రోజునే ఫోనులోకి వచ్చే థియేటర్ ప్రింట్ సరిగ్గా ఆ తరువాతి రోజుల జనాన్ని మింగేస్తుంది. మల్టీప్లెక్సుకు పక్క తెరపై మరో సినిమా ఉంటుంది, తినుబండారాల ఆదాయం ఉంటుంది. మండల పట్టణంలోని ఒంటి తెర హాలుకు ఈ రెండూ ఉండవు. పైరసీ దెబ్బ పరిశ్రమ అంతటా సమానంగా పడదనడానికి ఇదే కారణం.

అయినా క్షీణతను పైరసీ ఒక్కదాని ఖాతాలో వేయడం సరికాదు. 2024 మే 17 నుంచి పది రోజుల పాటు తెలంగాణలోని సింగిల్ స్క్రీన్ హాళ్లు ఆటలు నిలిపివేసినప్పుడు యజమానులు ప్రధానంగా చెప్పిన కారణాలు పెద్ద సినిమాలు లేకపోవడం, ఎన్నికలు, క్రికెట్ లీగ్ వల్ల జనం రాకపోవడం, నిర్వహణ ఖర్చులు కూడా రాకపోవడం. 2025 మేలో మళ్లీ తలెత్తిన వివాదంలో తమకూ పర్సెంటేజీ పద్ధతి కావాలన్నది వారి డిమాండు. ఓటీటీ ముప్పుపై 2022 ఆగస్టు 1 నుంచి నిర్మాతలు షూటింగులు ఆపి చర్చలు జరిపి, థియేటర్‌కూ ఓటీటీకీ మధ్య వ్యవధి పెంచాలని నిర్ణయించారు గాని, ఆచరణలో చాలా సినిమాలు నాలుగు వారాలకే ఇంటి తెరకు వస్తున్నాయి.

భూమి విలువ మరొక కారణం. హాలు ఉన్న ప్రధాన రహదారి స్థలం కాంప్లెక్సుగానో ఫంక్షన్ హాలుగానో మారితే వచ్చే ఆదాయం సినిమా ఆటలతో రాదు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సుదర్శన్ 70 ఎంఎం, సికింద్రాబాద్‌లో సంగీత్ వంటి పేరున్న హాళ్లే కూల్చివేతకు గురికాగా, ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక ఎకరాల లెక్క పోయి గజాల్లో ధర పలికే మేడ్చల్ దారిలో ఈ ఒత్తిడి మరింత ఎక్కువ.

టికెట్టు ధర వాదం కూడా నిరాధారం కాదు. తెలంగాణ ప్రభుత్వం 2021 డిసెంబరులో ఏసీ సింగిల్ స్క్రీన్ హాలుకు గరిష్ఠంగా రూ. 150, మల్టీప్లెక్సుకు రూ. 250 ధర నిర్ణయించింది. 18 శాతం జీఎస్టీ కలిస్తే ఇవి రూ. 177, రూ. 295 అవుతాయి, నలుగురున్న కుటుంబానికి మల్టీప్లెక్సులో టికెట్లకే రూ. 1,180 అవుతుంది. పెద్ద సినిమాలకు ప్రత్యేక అనుమతులతో ఈ పరిమితిని దాటుతారు. 2024 డిసెంబరులో పుష్ప 2 ముందస్తు ఆటకు తెలంగాణలో టికెట్టుపై అదనంగా రూ. 800 వసూలుకు అనుమతి లభించింది. రూ. 100, అంతకు లోపు టికెట్టుపై జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు గాని, ఆ ధరకు టికెట్టు ఇచ్చే హాళ్లు నగర శివార్లలో తగ్గిపోతున్నాయి.

పౌర బాధ్యత: స్వరూపం, వాదప్రతివాదాలు

1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 51ఎ అధికరణం దేశ మిశ్ర సంస్కృతి వారసత్వాన్ని గౌరవించి కాపాడడాన్ని పౌరుల ప్రాథమిక విధుల్లో చేర్చింది. సినిమా పైరసీ విషయంలో ఈ విధి కోర్టు ద్వారా అమలయ్యేది కాదు. పౌర బాధ్యత అనే భావనకు నైతిక ఆధారాన్ని మాత్రం ఇస్తుంది.

ఆచరణలో ఈ బాధ్యత ప్రేక్షకుడి ఒక్కడిది కాదు. ప్రదర్శన సమయంలో ఫోను వెలుగులను గమనించాల్సింది హాలు సిబ్బంది. స్థానిక చానెల్‌లో ఏం ప్రసారమవుతుందో చూసుకోవాల్సింది కేబుల్ ఆపరేటరు. రాజీవ్ రహదారిపై కరీంనగర్ వెళ్లే బస్సులో ఏం ఆడుతుందో చూసుకోవాల్సింది ట్రావెల్స్ యాజమాన్యం. మెమరీ కార్డులో సినిమాలు ఎక్కించి ఇచ్చే మొబైల్ షాపు, ఆ కార్డు అడిగే వినియోగదారుడు ఇద్దరూ ఈ గొలుసులో భాగమే. లైసెన్సు షరతుల తనిఖీ, ఫిర్యాదు నమోదు ప్రభుత్వ యంత్రాంగం పని. ధరను, తినుబండారాల రేట్లను, ఓటీటీ వ్యవధిని నిర్ణయించే పరిశ్రమకు కూడా ఇందులో వాటా ఉంది.

2025 నవంబరు అరెస్టు తరువాత సామాజిక మాధ్యమాల్లో వచ్చిన స్పందన ఈ చర్చను బహిరంగం చేసింది. పరిశ్రమ ప్రముఖులు పోలీసులను అభినందించగా, టికెట్టు ధరలు సామాన్యుడికి అందకుండా చేసినవారే పైరసీని పెంచారంటూ నిందితుడి పట్ల సానుభూతి చూపినవారు కూడా గణనీయంగా ఉన్నారు. ధరపై ఫిర్యాదు న్యాయమైనదే. అయితే పైరసీ వల్ల తగ్గే ఆదాయం ముందుగా తాకేది అగ్ర తారల పారితోషికాన్ని కాదు. ఆట తగ్గితే పని పోయే హాలు ఆపరేటరునూ, గేటు మనిషినీ, క్యాంటీన్ నడిపేవాడినీ, సైకిల్ స్టాండు కుర్రాడినీ, బయ్యరు దొరకక విడుదల ఆగే చిన్న నిర్మాతనూ తాకుతుంది. పైగా ప్రకటనల ఆదాయం బెట్టింగ్ వ్యాపారం నుంచి వస్తున్నప్పుడు, పైరసీ సైటును పేదవాడి సినిమా హాలుగా వర్ణించడం వాస్తవానికి దూరమైన మాట.

ఫిర్యాదు విధానం

2023 నవంబరులో కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ, పైరసీపై ఫిర్యాదులు స్వీకరించడానికి తన శాఖలోనూ సెన్సారు బోర్డు కార్యాలయాల్లోనూ నోడల్ అధికారులను నియమించింది. హక్కుదారు లేదా ఆయన అధికారమిచ్చిన వ్యక్తి మాత్రమే కాక, సాధారణ పౌరులెవరైనా వారికి ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదుదారు హక్కుదారు కానప్పుడు, నిర్ణయానికి ముందు అధికారి విచారణ జరిపి ఫిర్యాదు నిజానిజాలను తేల్చుకోవచ్చు. అధికారి ఆదేశించిన 48 గంటల్లో సంబంధిత ఇంటర్నెట్ వేదిక ఆ లింకును తొలగించాలి. పైరసీ సైటు ద్వారా ఫోనులోకి హానికర యాప్ చేరి డబ్బు పోయినప్పుడు జాతీయ సైబర్ నేర సహాయ నంబరు 1930కు వెంటనే తెలపాలి. హాలులో ఎవరైనా రికార్డు చేస్తూ కనబడితే థియేటర్ మేనేజరుకు, ఆ వెంటనే స్థానిక పోలీస్ స్టేషన్‌కు లేదా 100 నంబరుకు చెప్పవచ్చు.